నూట అరవై గ్రాములు

సైన్సు గది త్రాసు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.
సంతకం చేయించుకుంటూ ఫిజిక్సు మాస్టారు అడిగాడు:
"జాగ్రఫీకి త్రాసెందుకు?"
చెప్పలేదు.
చెబితే సాయంత్రానికల్లా ఓష్ ఊరంతా
నా పిక్కల గురించే మాట్లాడుకుంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు
కర్ర కొనతో కనుమలు దాటించాను పిల్లల్ని.
తాల్దిక్, కిజిల్ ఆర్త్, అక్ బైతాల్.
మూడుసార్లు తట్టేసరికి గంట కొట్టేవారు.
దూరపు కొండలు నునుపంటారు,
పటం మీది కొండలు మరీ నునుపు.
గోధుమ రంగు మీద వేలు జారిపోతుంది.

సైకిలు నాది కాదు, అంటే మొన్నటిదాకా కాదు.
ఎవరో స్విస్ కుర్రాడు, మోకాలు పాడై,
జయ్మా బజారులో అమ్మేసి విమానమెక్కాడు.
గొట్టం మీద మేకుతో గీసుకున్న పేరు ఇంకా ఉంది.
సాబిర్జాన్ దాన్ని తలకిందులుగా నిలబెట్టి
చక్రం తిప్పి, చెవి ఒగ్గి,
ఒక్కో స్పోకునూ మీటాడు.
"ఇది అబద్ధమాడుతోంది" అన్నాడు పదకొండో దాని దగ్గర.
మార్చాడు. ఇంకో నాలుగు
సీటు కింద గొట్టానికి టేపుతో చుట్టి ఇచ్చాడు.
"అక్కడ నేనుండను టీచరమ్మా,
గాలి ఉంటుంది. అదీ తక్కువే."

తెల్లవారుజామున నాలుగింటికి లేచి
సంచుల్లో ఇటుకలు పెట్టుకుని పాపాన్ డ్యాము దారి ఎక్కుతున్నాను.
మొదటి రోజు ఎక్కలేదు, తోశాను.
రెండో వారం, మూడో మలుపులో
గొర్రెల మంద నన్ను దాటి పోయింది.
కాపరి గుర్రం మీంచి వంగి చూశాడు:
"ఇటుకలెక్కడికి తల్లీ, పైన ఇల్లు కడుతున్నావా?"
ఊపిరి ఉంటే జవాబు చెప్పేదాన్ని.

రాత్రిళ్లు వంటింటి బల్ల మీద తూకం.
టూత్‌బ్రష్ పిడి కోసేశాను, ఏడు గ్రాములు మిగులు.
సబ్బు సగం.
దువ్వెన సగమనుకుని, జుట్టే కత్తిరించేశాక, మొత్తం.
కురుత్ ఉండలు కిలో: ఎండిన పెరుగు, ఉప్పు, రాయంత గట్టి.
అవి తగ్గించను. అవి నా మోకాళ్ల జీతం.
ఏడో తరగతి మీరిమ్ ఎలాగో పసిగట్టి
రంగు పెన్సిళ్లలో నీలంది తెచ్చిచ్చింది,
"కరాకుల్ సరస్సు ఏ నీలమో చూసి గీసుకురండి" అని.
పొట్టిగా నరికాను. మూడు గ్రాములు.

చివరికి కుబాత్ పుస్తకం.
మా అన్న. ఇరవై రెండేళ్లు ఆ దారిలో లారీ తోలాడు.
నూనె మరకల అట్ట, లోపల ఏ పంతులూ మెచ్చని రాత:
"విరిగిన వంతెన దాటాక ఊట. నీళ్లు తీపి."
"ఇక్కడ ఎదురుగాలి. మధ్యాహ్నం తర్వాత వెళ్లకు."
"తెల్ల గుర్రం మీద తలనొప్పి. పాడితే తగ్గదు, దిగితే తగ్గుతుంది."
అక్ బైతాల్ అంటే తెల్లని ఆడగుర్రం.
పిల్లలకు ఏటా చెప్పాను.
తలనొప్పి మాట చెప్పలేదు. నాకు తెలియదు కదా.

నూట అరవై గ్రాములు.
లారీకి అదొక బరువా?
ఊటలన్నీ అరచేతంత కాగితం మీదికి ఎత్తి రాశాను,
కిలోమీటర్లు, గాలులు, కుక్కలున్న ఇల్లు.
రెండు గ్రాములు. తెలివైన పని.
పుస్తకం అల్మారాలో పెట్టి దీపం ఆర్పాను.

నిద్ర పట్టలేదు.
ఎత్తి రాయని పేజీ ఒకటుంది:
"చెల్లెలు అడిగింది, పైన ఎలా ఉంటుందని. రాయాలి."
కింద ఖాళీ. పేజీ మొత్తం.

ఆ ఒక్క కాగితం చింపుకుంటే చాలు, ఏమంత బరువు?
చింపలేదు.
చీకట్లో తడుముకుంటూ
సంచిలోంచి రెండో జత మేజోళ్లు తీసేశాను,
ఇంకా చాలక, చేతిరుమాలు,
ఇంకా చాలక, అద్దం.
చలికి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

తెల్లారాక త్రాసు తిరిగి ఇచ్చేయాలి.
ఫిజిక్సు మాస్టారు మళ్లీ అడుగుతాడు.
ఈసారి నేనే అడగాలి ఆయన్ని,
అంత ఎత్తున
టైర్లలో గాలి ఎంత ఉంచాలో.